జ్యూరీ గదిలో ఒక ప్రశ్న



మా అక్క కొడుకు అమెరికా వెళ్లి పందొమ్మిదేళ్లయింది. చదువు, ఉద్యోగం, వీసా, గ్రీన్ కార్డు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూపు, చివరికి పౌరసత్వం. ఆ ప్రమాణం చేసి ఏడాది తిరిగిందో లేదో, ఇంటి ముందున్న ఉత్తరాల డబ్బాలో కౌంటీ కోర్టు నుంచి ఒక కవరు పడింది. ఫలానా తేదీన పొద్దున్నే జ్యూరీ విధికి హాజరు కావాలని అందులో ఉంది.

ఇక్కడ తెనాలిలో మా అక్కకు ఆ సంగతి తెలిసి కంగారుపడింది. "కోర్టు నుంచి కాగితం రావడమేంట్రా తమ్ముడూ? మన ఇంటా వంటా కోర్టు మెట్లెక్కినవాళ్లు లేరే!" అంది. అక్కడ అతని స్నేహితులు ఇంకో రకం సలహా ఇచ్చారు. ఇంగ్లీషు సరిగా రాదని రాయి, పిల్లలు చిన్నవాళ్లని రాయి, ఆఫీసులో పని ఆగిపోతుందని రాయి, ఎలాగోలా తప్పించుకో అన్నారు. అతను తప్పించుకోలేదు. కేసు ముగిసేదాకా దాని గురించి ఎవరితోనూ మాట్లాడకూడదని న్యాయమూర్తి చెప్పారట. అందుకని అన్నాళ్లూ వాళ్లమ్మ ఫోన్ చేస్తే, "ఏం తిన్నావని అడుగమ్మా, కోర్టులో ఏం జరిగిందని మాత్రం అడక్కు" అనేవాడు. అంతా అయిపోయాక నాకు ఫోన్ చేశాడు. మొట్టమొదట చెప్పిన మాట ఇది: "మావయ్యా, మేం పన్నెండు మందిమీ వరసగా లోపలికి వస్తుంటే కోర్టు హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. ప్లీడర్లు, పోలీసులు, ముద్దాయి, అందరూ."

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పినవాణ్ని. ప్రజలే ప్రభువులు అన్న వాక్యం బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఆ వాక్యం నాకు కళ్లకు కట్టింది మాత్రం ఆ రోజే. ఎవరూ ఎన్నుకోని, ఎవరికీ తెలియని పన్నెండు మంది మామూలు మనుషులు నడిచివస్తుంటే రాజ్యం లేచి నిలబడటం!

రాజకీయ తత్వశాస్త్రం అంటే లావుపాటి పుస్తకాలు అనుకుంటాం. అమెరికా ప్రజాజీవితం అంటే అధ్యక్ష ఎన్నికలు, టీవీలో కేకలు గుర్తొస్తాయి. ఈ రెండూ నిజంగా కలుసుకునే చోటు ఒకటుంది. ఒక పొడవాటి బల్ల, దాని చుట్టూ పన్నెండు కుర్చీలు, మూసి ఉన్న తలుపు, తలుపు బయట ఒక కోర్టు ఉద్యోగి. అదీ జ్యూరీ గది. ఈ పూట మిమ్మల్ని ఆ గదిలోకి తీసుకెళ్లాలని నా ఆశ.

పౌరుడంటే ఎవరు? ఈ ప్రశ్నకు అరిస్టాటిల్ తన 'పాలిటిక్స్' గ్రంథంలో జవాబు చెప్పాడు. ఒక ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన పౌరుడు కాడు. తీర్పు చెప్పడంలో, అధికారం నడపడంలో పాలుపంచుకునేవాడే పౌరుడు. గమనించండి, ఆయన తీర్పు చెప్పడాన్నీ అందులో చేర్చాడు. మనం పౌరుడి హక్కు అనగానే ఓటు అంటాం. మా మేనల్లుడు కూడా అంతే అనుకున్నాడు. పద్దెనిమిదేళ్లు ఆ దేశంలో పన్నులు కట్టాడు, ఇల్లు కొన్నాడు, పిల్లల్ని బడికి పంపాడు. అన్నేళ్లలో ఆ రాజ్యం అతన్ని 'నీ అభిప్రాయం ఏమిటి' అని ఒక్కసారీ అడగలేదు. జ్యూరీలో కూర్చునే హక్కు పౌరులకే ఉంది మరి. ఓటర్ల జాబితా నుంచి, డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి లాటరీ తీసినట్టు పేర్లు తీస్తారు. ఆ తీయడంలో ఒకరోజు అతని పేరు వచ్చింది.

1831లో ఫ్రాన్సు నుంచి పాతికేళ్ల కుర్రాడొకడు అమెరికాలో ఓడ దిగాడు. పేరు అలెక్సిస్ డి టోక్విల్. వెర్సాయ్ కోర్టులో చిన్న న్యాయాధికారి. అమెరికా జైళ్లు ఎలా నడుస్తున్నాయో చూసి రమ్మని వాళ్ల ప్రభుత్వం అతన్నీ, అతని మిత్రుడు బోమాంట్‌నూ పంపింది. తొమ్మిది నెలలు తిరిగారు. జైళ్ల మీద నివేదిక ఇచ్చారు, కానీ టోక్విల్ మనసు వేరేచోట నిలిచింది. రాజు లేడు, జమీందార్లు లేరు, మరి ఈ జనం తమను తామెలా పాలించుకుంటున్నారు? ఆ ప్రశ్నే 1835లో 'డెమోక్రసీ ఇన్ అమెరికా' అనే పుస్తకం మొదటి భాగమైంది.

అందులో జ్యూరీ గురించి ఆయన చెప్పింది కొంచెం వింతగా ఉంటుంది. జ్యూరీని న్యాయవ్యవస్థలో ఒక భాగంగా మాత్రమే చూస్తే దాని విలువ సగం కూడా తెలియదన్నాడు. అది ముందు రాజకీయ సంస్థ, జనం చేతిలో అధికారం ఉందనడానికి గుర్తు. జ్యూరీ వల్ల కక్షిదారులకు మేలు జరుగుతుందో లేదో తనకు తెలియదు గాని, తీర్పు చెప్పేవాళ్లకు మాత్రం గొప్ప మేలు జరుగుతుందన్నాడు. దాన్ని ఎప్పుడూ తెరిచి ఉండే ఉచిత పాఠశాలగా చూశాడు. ముద్దాయి భవిష్యత్తు తేల్చేచోట, తేల్చేవాళ్లే చదువుకుంటారన్న మాట.

ఏం చదువుకుంటారు? మా మేనల్లుడి అనుభవమే చెబుతాను. పేర్లు, ఊళ్లు వద్దు.

కేసు చిన్నదే. ఒక గోదాములో పనిచేసే మనిషి మీద రెండు అభియోగాలు. సరుకు దొంగిలించాడని ఒకటి, పట్టుకోబోయిన కాపలా మనిషిని బెదిరించాడని రెండోది. సాక్ష్యాలు అయిపోయాయి, వాదనలు అయిపోయాయి. పన్నెండు మందీ లోపలికి వెళ్లారు. ఫోన్లు బయటే పెట్టేశారు. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ తమ అభిప్రాయం చెబుతూ వచ్చారు. మావాడి వంతు వచ్చింది. "రెండింటిలోనూ దోషే అని నాకు అనిపిస్తోంది" అన్నాడు. ఎదురుగా ఒక పెద్దావిడ, బడి బస్సు నడిపి రిటైరైన మనిషి, నెమ్మదిగా అడిగింది: "అలా ఎందుకనిపిస్తోంది?"

"మావయ్యా, నా దగ్గర జవాబు లేదు" అన్నాడు. "లోపల్లోపల వెతుక్కున్నాను. ముద్దాయి కుర్చీలో జారగిలబడి కూర్చున్నాడు. ఎవరి కళ్లలోకీ చూడలేదు. అదే నా మనసులో పడిపోయింది. ఆ మాట ఆ పదకొండు మంది ముందు పైకి చెప్పాలంటే సిగ్గేసింది."

శ్రోతలారా, నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైనది ఆ సిగ్గు. మనసులో ఉన్నంతసేపు ఆ అభిప్రాయం కొండంత బలంగా ఉంది. పదిమంది ముందు కారణం చెప్పవలసి వచ్చేసరికి అది నిలబడలేదు. తనకు తానే కొత్తగా కనబడ్డాడు.

తరవాత వాళ్లు కాపలా మనిషి సాక్ష్యాన్ని మళ్లీ వినాలని చీటీ రాసి న్యాయమూర్తికి పంపారు. ఒక కుర్రాడు మాత్రం రెండు అభియోగాలూ నిలవవని పట్టుబట్టాడు. పదకొండు మంది ఒకవైపు, అతనొక్కడూ ఒకవైపు. చేతులెత్తి లెక్కపెట్టి బయటికి వచ్చేయడానికి అక్కడ వీల్లేదు, తీర్పు ఏకగ్రీవం కావాలి. కాబట్టి అతనితో మాట్లాడక తప్పలేదు. రెండు రోజులు మాట్లాడారు. దొంగతనం విషయంలో ఆ కుర్రాడు మనసు మార్చుకున్నాడు. బెదిరింపు విషయంలో మిగతా పదకొండు మందీ, మావాడితో సహా, మార్చుకున్నారు. మొదటిది రుజువైంది, రెండోది కాలేదు. తీర్పు చదివాక ఒక్కొక్కరినీ పిలిచి, 'ఇది మీ తీర్పేనా' అని అడిగారట. 'నాదే' అని పన్నెండుసార్లు వినబడింది.

ఇప్పుడు ఒక్కసారి రెండు వేల నాలుగు వందల ఏళ్లు వెనక్కి వెళదాం. క్రీ.పూ. 399, ఏథెన్స్ నగరం. డెబ్బై ఏళ్ల సోక్రటీస్ మీద విచారణ. అక్కడా తీర్పరులు మామూలు పౌరులే, వాళ్లనూ లాటరీలోనే తీశారు. దాదాపు ఐదు వందల మంది. ఇరుపక్షాల వాదనా విన్నారు. విన్న వెంటనే ఓట్లు వేశారు. తమలో తాము చర్చించుకునే పద్ధతి ఏథెన్స్ న్యాయస్థానాల్లో లేనే లేదు. ఎవరూ పక్కవాడికి కారణం చెప్పనక్కర్లేదు. జీవితమంతా సంతలో నిలబడి దారిన పోయేవాళ్లను 'ఎందుకు' అని అడిగిన మనిషికి, ఒకరినొకరు 'ఎందుకు' అని అడగని ఐదు వందల మంది కలిసి మరణశిక్ష వేశారు. ఏథెన్స్‌లో ఓటుకు లోటు లేదు. బల్ల చుట్టూ కూర్చోవడమే లేదు.

ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో అందరికన్నా పెద్ద రాజకీయ తత్వవేత్త ఎవరంటే చాలామంది జాన్ రాల్స్ పేరు చెబుతారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు, 2002లో కన్నుమూశాడు. 1993లో వచ్చిన 'పొలిటికల్ లిబరలిజం' అనే పుస్తకంలో ఆయన ఒక చిక్కు ప్రశ్న తీసుకున్నాడు. ఒకే దేశంలో రకరకాల మతాలవాళ్లు, మతం లేనివాళ్లు, మంచిచెడుల గురించి ఎప్పటికీ ఏకాభిప్రాయం కుదరనివాళ్లు కలిసి ఉంటారు. వాళ్లందరి మీదా ఒకే చట్టం నడుస్తుంది. అది న్యాయమని ఎలా అనగలం? ఆయన జవాబు ఇది: రాజ్యం బలాన్ని ఇంకొకరి మీద ప్రయోగించేటప్పుడు, ఆ ఇంకొకరు కూడా సమానుడిగా ఆలోచించి ఒప్పుకోగలిగే కారణం చెప్పాలి. నా దేవుడు చెప్పాడు, నా పార్టీ చెప్పింది, నాకు అలా అనిపించింది అంటే చాలదు. ఇలాంటి ఆలోచనకు మంచి నమూనాగా రాల్స్ అమెరికా సుప్రీంకోర్టును చూపించాడు. నన్నడిగితే తొమ్మిదిమంది న్యాయకోవిదుల కన్నా, బస్సు నడిపిన ఆ పెద్దావిడ మంచి నమూనా. ఆమె రాల్స్‌ను చదివి ఉండదు. ఆయన వందల పేజీల్లో అడిగినదాన్ని మూడు మాటల్లో అడిగింది.

ఇలా చెప్పి ఊరుకుంటే నేను మీకు సగం నిజమే చెప్పినవాణ్నవుతాను. ఆ మూసిన తలుపు వెనక ఘోరాలూ జరిగాయి. 1955లో మిసిసిపీ రాష్ట్రంలో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుణ్ని ఎత్తుకెళ్లి చంపారు. నిందితులు ఇద్దరు తెల్లవాళ్లు. సమ్నర్ అనే ఊళ్లో విచారణ. జ్యూరీలో పన్నెండుకు పన్నెండు మందీ తెల్లజాతి మగవాళ్లు. గంటా ఏడు నిమిషాల్లో బయటికి వచ్చి నిర్దోషులన్నారు. కొన్ని నెలలకే ఆ ఇద్దరూ ఒక పత్రికకు డబ్బు తీసుకుని, తామే చంపామని చెప్పుకున్నారు. న్యాయమూర్తి అయితే తీర్పుకు సాధారణంగా కారణాలు చెబుతారు. జ్యూరీ బయటి ప్రపంచానికి కారణం చెప్పదు, లోపల ఒకరికొకరు చెప్పుకుంటారన్న నమ్మకం మీదే అంతా నడుస్తుంది. లోపలంతా ఒకే రకం మనుషులైతే 'ఎందుకు' అని అడిగేదెవరు?

అందుకే ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలన్న దాని మీద అంత పోరాటం జరిగింది. నల్లవాళ్లు జ్యూరీలో కూర్చోకూడదన్న వెస్ట్ వర్జీనియా చట్టాన్ని సుప్రీంకోర్టు 1880లోనే కొట్టేసింది. చట్టం పోయినా అలవాటు పోలేదు. జ్యూరీని ఎంపిక చేసేటప్పుడు లాయర్లు కొందరిని కారణం చెప్పకుండానే పక్కన పెట్టవచ్చు. జాతిని బట్టి అలా పక్కన పెట్టకూడదని 1986లో తీర్పు వచ్చింది. అయినా ఏం జరిగిందో చూడండి. మిసిసిపీలోనే కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి మనిషిని ఒకే నేరానికి ఆరుసార్లు విచారించారు. జ్యూరీకి ఎంపిక కాగలిగిన 42 మంది నల్లవాళ్లలో 41 మందిని ప్రాసిక్యూటర్ తీసేశాడు. 2019లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. మరుసటి ఏడు అతని మీద కేసే ఎత్తేశారు.

తత్వశాస్త్రం విద్యార్థులకు నేను తప్పక చెప్పాలనుకునే కేసు ఇంకొకటుంది. లూసియానా రాష్ట్రంలో 1898లో రాజ్యాంగ సభ పెట్టి, తీవ్రమైన నేరాల్లో సైతం పన్నెండు మంది ఒప్పుకోనక్కర్లేదు, తొమ్మిదిమంది చాలు అని నిబంధన పెట్టారు. తరవాత దాన్ని పదిమందికి పెంచారు. పైకి చూస్తే ఏముంది, మెజారిటీయే కదా అనిపిస్తుంది. దాని ఉద్దేశం వేరు. నల్లవాళ్లను జ్యూరీ నుంచి పూర్తిగా తోసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. ఒకరిద్దరిని కూర్చోనివ్వండి, కానీ వాళ్ల మాటతో పని పడకుండా చూడండి, అదీ ఆలోచన. పదిమంది ఒప్పుకుంటే చాలన్నప్పుడు మిగిలిన ఇద్దరితో ఎవరు మాట్లాడతారు? ఆ నియమం నూట ఇరవై ఏళ్లు నడిచింది. 2018లో లూసియానా ఓటర్లే దాన్ని మార్చారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, తీవ్రమైన నేరాల్లో ఏకగ్రీవం తప్పదని అన్ని రాష్ట్రాలకూ వర్తించేలా తేల్చింది. మా మేనల్లుడి గదిలో ఆ ఒంటరి కుర్రాడి మాట రెండు రోజులు విన్నారంటే దాని వెనక ఇంత చరిత్ర ఉంది. లెక్కపెట్టి పక్కన పెట్టడం ఒకటి, కూర్చోబెట్టి ఒప్పించడం ఒకటి. ఈ రెండింటి మధ్య దూరమే ప్రజాస్వామ్యం మీద జరిగే చర్చలో సగం.

ఇక ఇవాళ్టి అమెరికా. 2024 మే 30న న్యూయార్క్‌లో పన్నెండు మంది జ్యూరీ, అప్పటికి మాజీ అధ్యక్షుడైన డోనాల్డ్ ట్రంప్‌ను 34 అభియోగాల్లో దోషి అంది. పన్నెండు రోజుల తరవాత డెలావేర్‌లో ఇంకో పన్నెండు మంది, అప్పటి అధ్యక్షుడు జో బైడెన్ కుమారుడు హంటర్ బైడెన్‌ను తుపాకీ కేసులో దోషి అన్నారు. ఆ తీర్పుల మంచిచెడుల్లోకి నేను వెళ్లను. న్యూయార్క్‌లో జ్యూరీ ఎంపిక మొదలైన రోజు జరిగిన ఒక సంగతి మాత్రం చెబుతాను. మొదట 96 మందిని హాల్లోకి పిలిచారు. ఈ కేసులో నిష్పక్షపాతంగా ఉండలేమనుకునేవాళ్లు చెప్పండి అని న్యాయమూర్తి అడిగారు. సగానికి పైగా చేతులెత్తారు. వాళ్లను పంపించేశారు.

దేశం ఎంతగా చీలిపోయిందో చూడండి అని పత్రికలు రాశాయి. నాకు ఇంకొకటి కూడా కనబడింది. ఇంత గొడవలో, 'ఈ విషయంలో నేను న్యాయంగా ఉండలేను' అని నోరు తెరిచి చెప్పే చోటు ఇంకెక్కడుంది? చట్టసభలో ఎవరైనా అంటారా? టీవీలో అంటారా? కోర్టు హాలు ఆ ప్రశ్న అడుగుతుంది కాబట్టి, మనిషి తనలోకి తాను చూసుకుని నిజం చెబుతాడు.

అటువంటి చోటు రోజురోజుకూ ఇరుకైపోతోందన్నదే నా బాధ. 2012లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో చెప్పింది: ఫెడరల్ కోర్టుల్లో పడే శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం, విచారణ లేకుండా ముద్దాయి నేరం ఒప్పుకోవడం వల్ల పడుతున్నవే. ఒప్పుకుంటే రెండేళ్లు, విచారణకు వెళ్లి ఓడిపోతే పదేళ్లు అని బేరం పెడితే, ఏ తప్పూ చేయనివాడికీ కాళ్లు వణుకుతాయి. మూసిన తలుపు వెనక పన్నెండు మంది మాట్లాడుకోవలసింది పోయి, వరండాలో ఇద్దరు లాయర్లు మాట్లాడుకుని తేల్చేస్తున్నారు. టోక్విల్ చూసిన బడికి తలుపులు తెరిచే ఉన్నాయి గాని, పిల్లలు తగ్గిపోయారు.

బడి పోయినచోట అలవాటూ పోతుంది. ఆ అలవాటును తిరిగి తేవచ్చునా? 2019 సెప్టెంబరులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు జేమ్స్ ఫిష్కిన్ ఒక ప్రయత్నం చేశారు. మన తెలుగువాళ్లు వేల కుటుంబాలు కాపురముంటున్న డల్లాస్ పక్కనే, గ్రేప్‌వైన్ అనే ఊళ్లో, దేశం నలుమూలల నుంచి ఎంపిక చేసిన ఐదు వందల పైచిలుకు ఓటర్లను నాలుగు రోజులు ఒకచోట చేర్చారు. చిన్న చిన్న బల్లల చుట్టూ కూర్చోబెట్టి వలసలు, ఆరోగ్యం, పన్నుల మీద మాట్లాడుకోమన్నారు. అందరి ముందూ ఒకే సమాచారం ఉంచారు. రెండు కొసలనా ఉన్నవాళ్లు చాలా విషయాల్లో కొంత దగ్గరికి వచ్చారు.  ఎదుటివాడికీ ఒక కారణం ఉందని చూశారు.

మన దేశంలోనూ ఒకప్పుడు జ్యూరీ ఉండేది. 1959లో బొంబాయిలో నానావతి అనే నౌకాదళ అధికారి మీద హత్య కేసు విచారణలో, పత్రికల హోరు మధ్య, తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. పై కోర్టులు ఆ తీర్పును నిలవనివ్వలేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి జ్యూరీకి చోటే లేదు. దాన్ని తిరిగి తేవాలని నేను అనడం లేదు. మన సమాజంలో ఆ గదిలోకి కులం, డబ్బు ఎంత సులువుగా దూరతాయో నాకు తెలుసు. కానీ బల్ల చుట్టూ కూర్చుని కారణం చెప్పుకునే అలవాటు కోర్టుతోనే పుట్టి కోర్టుతోనే పోయేది కాదు. గ్రామసభ ఉంది. బడి తల్లిదండ్రుల కమిటీ ఉంది. అపార్ట్‌మెంటు సంఘం ఉంది. అక్కడ చేతులెత్తించి లెక్కపెట్టే ముందు, ఒప్పుకోని ఆ ఇద్దరిని 'మీకు అలా ఎందుకనిపిస్తోంది' అని అడిగితే చాలు.

చివరగా ఒక్క మాట. తీర్పు చెప్పిన సాయంత్రం మా మేనల్లుడూ, ఆ పెద్దావిడా కార్లు పెట్టే స్థలం దాకా కలిసి నడిచారట. ఆవిడ అతని చేయి పట్టుకుని, మంచి పని చేశాం బాబూ అన్నట్టుగా నొక్కి వదిలింది. "మావయ్యా, ఆ గదిలో అన్ని రోజులు కూర్చున్నాం. ఒకరి మాట ఒకరం ఖండించుకున్నాం. ఆవిడ ఏ పార్టీకి ఓటేస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు" అన్నాడు.

ఇద్దరు పొరుగువాళ్లు ఇంటి ముందు పాతిన ఎన్నికల బోర్డులు చూసి మాటలు మానుకుంటున్న దేశంలో, అతను నాకు చెప్పిన వార్తలన్నిటిలోకీ నాకు ధైర్యమిచ్చిన వార్త అది.